రేగడిలో రెండో గేరు

సిద్దిపేట చుట్టుపక్కల మట్టిబాటలను బాగా ఎరిగిన బండి ఏదని అడిగితే డర్ట్ బైక్ పేరు ఎవరూ చెప్పరు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ అంటారు. 1980లో టీవీఎస్ 50గా మొదలై, తర్వాత ఎక్స్‌ఎల్ సూపర్‌గా, 2015 నుంచి ఎక్స్‌ఎల్ 100గా తిరుగుతున్న మోపెడ్ అది. అటొక పాల క్యాను, ఇటొక పాల క్యాను, ముందు గడ్డిమోపు పెట్టుకుని పొలం ఒడ్డు మీద జానెడు జాగాలో దాన్ని తోలుకుపోయే రైతును చూస్తే, లక్షలు పోసి బండి కొన్న కుర్రాడికి కూడా కాసేపు నోట మాట రాదు. రైతు బండిని దూకించడు, ఇంజనును అరిపించడు. ముందు చక్రం ఎక్కడ పడాలో పది గజాల ముందే చూసుకుంటాడు, ఉన్న కొద్దిపాటి బలాన్ని పొదుపుగా వాడుకుంటాడు.

మట్టిబాట సవారీలో పనితనమంతా అక్కడే ఉంది. ఐదారుగురు స్నేహితులు కలిసి చేసే ట్రెయిల్ రైడ్ అనగానే ఇన్‌స్టాగ్రామ్‌లో గాల్లోకి లేచే బండ్లు గుర్తొస్తాయి కానీ, అది మోటోక్రాస్. దానికి కట్టిన ట్రాక్ ఉంటుంది, గెలుపోటములు ఉంటాయి. ట్రెయిల్ రైడ్‌ది వేరే వంశం. 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో ఆరు రోజుల అంతర్జాతీయ మోటార్‌సైకిల్ పరీక్ష ఒకటి పెట్టారు. ఎవరు ముందొచ్చారని కాదు, అధ్వాన్నపు బాటల మీద బండి, మనిషి చివరిదాకా నిలిచారా, చెప్పిన వేళకు చేరారా అన్నదే అక్కడ లెక్క. ఆ పోటీ ఎండ్యూరో పేరుతో ఇప్పటికీ సాగుతోంది. అందులోంచి గడియారాన్ని తీసేస్తే మిగిలేదే స్నేహితుల ట్రెయిల్ రైడ్.

మన దగ్గర ఈ సరదాకు చాలాకాలం సరైన బండే దొరకలేదు. మైసూరులో తయారైన జావా, యెజ్డీలనో, పల్లెల్లో తిరిగే రాజ్‌దూత్‌నో మట్టిలోకి దింపి కానిచ్చేవారు. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది కానీ ఎక్కువ కాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక కథ మారింది. ఎక్స్‌పల్స్ విడుదల ధర లక్ష రూపాయల లోపే. ముందు 21 అంగుళాల చక్రం, నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం, అన్నిటికీ మించి నంబరు ప్లేటు. కేటీఎం, కవాసాకీల అసలు సిసలు మోటోక్రాస్ బండ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు కనుక వాటిని రోడ్డెక్కించకూడదు, ట్రాలీలో తీసుకెళ్లాల్సిందే. పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి, రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్ల దాకా వచ్చి, బాటలన్నీ తిరిగి రాత్రికి ఇల్లు చేరాలనుకునే ఉద్యోగస్తుడికి ఆ నంబరు ప్లేటే పెద్ద వరం.

ఇక నేల సంగతి. 2016 అక్టోబరులో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో ఒక పూటలోనే నాలుగైదు రకాల నేలలు చక్రం కింద మారిపోతాయి. ఎర్ర చెలక, మొరం, నల్ల రేగడి, గుట్టల దగ్గర పరుపు బండ, కూడవెల్లి వాగు లాంటి చోట్ల ఇసుక. ఒకదానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదానిలో బొక్కబోర్లా పడేస్తుంది.

ముందు నిలబడడం నేర్చుకోవాలి. మట్టిలో ఫుట్‌రెస్టుల మీద నిలబడేది దర్జా కోసం కాదు. సీటు మీద కూర్చుంటే ప్రతి గుంతా నడుముకు తగులుతుంది, బండి ఊగినప్పుడల్లా మనిషీ ఊగుతాడు. నిలబడితే ఒంటి బరువు కాళ్ల మీదుగా ఫుట్‌రెస్టుల్లోకి దిగుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టి ఉంచి, మోచేతులు కాస్త పైకెత్తి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుంటే బండి కింద తన ఆట తాను ఆడుకుంటుంది, పైన మనిషి నిలకడగా ఉంటాడు. కొత్తవాళ్లందరిదీ ఒకటే జబ్బు: హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడం. అరగంటకే ముంజేతులు రాయిలా గట్టిపడతాయి, ఆ తర్వాత బ్రేకు వేళ్లకు అందదు. చూపుది కూడా అంతే పని. రాయిని చూస్తూ పోతే బండి సరిగ్గా ఆ రాయి మీదికే పోతుంది. చూపు ఎటుంటే చక్రం అటు.

తర్వాత గాలి. తారు రోడ్డు మీద 25 పీఎస్‌ఐకి తగ్గకుండా ఉండే గాలిని, మట్టిలోకి దిగేముందు పదిహేను, పద్దెనిమిది దాకా దించుతారు. మెత్తబడిన టైరు నేలను వెడల్పుగా పట్టుకుంటుంది. మరీ దించితే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది. సిద్దిపేట వైపు దీనికి తోడు సర్కారు తుమ్మ. చెరువు కట్టల మీద, ఒర్రెల వెంట అడవిలా పెరిగిన ఈ చెట్టు ముల్లు మామూలు టైరును గుచ్చి ట్యూబును చేరుతుంది. పంక్చర్ షాపు కనిపించే చోట పంక్చర్ కాదు కదా. అందుకని ఇద్దరి బ్యాగుల్లోనైనా ట్యూబు, టైరు లివర్లు, చిన్న పంపు తప్పకుండా ఉండాలి. ట్యూబు మార్చడం ఇంటి దగ్గర నీడలో నేర్చుకోకుండా బయల్దేరినవాడు జట్టుకు భారమే.

మొరం మీద బండి నడపడం జొన్నలు పోసిన గచ్చు మీద నడిచినట్టుంటుంది. ఇక్కడ ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కితే చక్రం పక్కకు జారి మనిషి కిందుంటాడు. రెండు వేళ్లతో, ఒత్తిడి మెల్లమెల్లగా పెంచుతూ పట్టాలి. వేగాన్ని మలుపులోకి వెళ్లకముందే తగ్గించుకోవాలి. ఇసుకది దీనికి పూర్తిగా తలకిందుల లెక్క. భయపడి యాక్సిలరేటర్ వదిలితే ముందు చక్రం దిగబడుతుంది. బరువు వెనక్కి జరిపి, రెండో గేరులో, ఒకే తీరున ముందుకు పోనివ్వాలి. హ్యాండిల్ కాస్త అటూఇటూ ఆడుతుంది, ఆడనివ్వాలి.

రేగడి ఎండినప్పుడు మంచిదే, వాన పడితే ఎవరి మాటా వినదు. బంకమన్ను టైరు గాళ్లలో నిండి, అక్కడినుంచి మడ్‌గార్డులోకి ఎక్కి గట్టిపడుతుంది. చక్రం తిరగడమే మానేస్తుంది. డర్ట్ బైక్‌లకు ముందు మడ్‌గార్డును చక్రానికి అంత ఎత్తున బిగించేది ఇందుకే. మామూలు బండితో వచ్చినవాడు దిగి, కంపచెట్టు పుల్ల విరిచి మన్ను గీక్కోవాల్సిందే. ఇలాంటి చోట మొదటి గేరు పనికిరాదు. అది లాగే బలానికి వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి గుంత తవ్వుకుంటుంది. రెండో గేరు, సగం క్లచ్, ఓపిక. క్లచ్ లివరును ఒక వేలితోనో రెండు వేళ్లతోనో పూర్తిగా వదలకుండా, పూర్తిగా పట్టకుండా ఆడిస్తూ నడక వేగంతో పోగలిగినవాడే ఇక్కడ పెద్ద రైడర్.

గుట్ట ఎక్కుతుంటే ఇంజను ఆగిపోయిందనుకుందాం. చెయ్యి ముందు బ్రేకు మీదికే పోతుంది. కానీ ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది కనుక, ముందు చక్రం బిగుసుకుపోయి కూడా బండి వెనక్కి జారుతుంది. గేరులోనే ఉంచి క్లచ్ వదిలేస్తే ఆగిన ఇంజనే వెనక చక్రాన్ని పట్టి ఆపుతుంది. అప్పుడు బండిని గుట్ట పైవైపుకు మెల్లగా ఒరగబెట్టి, దిగి, ముందు చక్రాన్ని లాగి కిందివైపుకు తిప్పుకోవాలి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. సిగ్గుపడి అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నించేవాళ్లకే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి.

ఇవన్నీ ఒక్కడు నేర్చుకోగలిగినవి. పదిమందితో కలిసి పోవడం ఇంకో విద్య.

ముందు బండికి బాట తెలిసి ఉండాలి. చివరి బండిది అందరికంటే కష్టమైన పని కనుక జట్టులో బాగా అనుభవమున్న ఇద్దరిలో ఒకరిని అక్కడ పెడతారు. మధ్యలోవాళ్లు దారి తప్పకుండా ఒక పాత ఉపాయం ఉంది. బాట చీలినచోట ముందు బండి చెయ్యి చూపిస్తే వెనకనున్న రెండో బండి అక్కడే ఆగిపోతుంది. మిగతావాళ్లందరికీ దారి చూపించి, చివరి బండి వచ్చాకే కదులుతుంది. తర్వాతి చీలిక దగ్గర ఆ పని అప్పటికి రెండో స్థానంలోకి వచ్చినవాడిది. ఇలా స్థానాలు మారుతూనే ఉంటాయి, ఎవరూ వెనక్కి తిరిగి తిరిగి చూసుకోనక్కర్లేదు. ఫోన్ సిగ్నల్ లేని గుట్టల మధ్య ఇంతకు మించిన పద్ధతి ఇంకా రాలేదు. దీనికి ఒకటే షరతు: చివరి బండి వచ్చేదాకా కదలకపోవడం. పావుగంట ఎండలో నిలబడాల్సి వచ్చినా సరే. జట్టులో ఎవరు ఎలాంటివాళ్లో గుట్ట ఎక్కేటప్పుడు కాదు, ఆ పావుగంటలో తెలుస్తుంది.

దుమ్ము ఇంకో సమస్య. ఎండాకాలం చెలక బాటలో ముందు బండి లేపిన దుమ్ము అంత త్వరగా తగ్గదు. అందులోకి దూరితే గుంత కనపడదు, ఎదురొచ్చే ట్రాక్టరు అసలే కనపడదు. దుమ్ము అణిగేంత ఎడం పాటించాలి. ముగ్గురికి తక్కువగా బయల్దేరకూడదన్న నియమం కూడా పాతదే. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుండాలి, ఒకరు సిగ్నల్ ఉన్నచోటికి పోయి 108కి ఫోన్ చేసి, దగ్గరి ఊరి పేరు, ఫోన్‌లోని మ్యాపు గుర్తు చెప్పాలి. హెల్మెట్, బూట్లు, మోకాలి కాపులు వేసుకుంటే ఎండకు ఉక్కపోస్తుందని తీసేసేవాళ్లు సి.ఎస్. సంతోష్‌ను గుర్తుపెట్టుకోవాలి. 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడతను. అంతటివాడే 2021 డకార్‌లో పడి తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యాడు.

ఇక్కడి చెలకల్లో ఇంకో ప్రమాదం గోడ లేని వ్యవసాయ బావి. బాట పక్కన గడ్డిలో కలిసిపోయి, పదడుగుల దూరంలోకి వచ్చేదాకా కనపడదు. 2021 డిసెంబరులో దుబ్బాక మండలం చిట్టాపూర్ దగ్గర రోడ్డు పక్క బావిలో కారు పడి ప్రాణాలు పోయాయి. అది రోడ్డు, చెలకల్లో చెప్పేదేముంది. కొన్నిచోట్ల అడవి పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలూ పెడతారు. బాట దిగి చేలల్లోకి పోవద్దనడానికి పంట ఒక కారణమైతే, ఇవి ఇంకో రెండు.

నీళ్ల దగ్గర నియమం సులువు. నడిచి చూసినవాడే బండి దింపాలి. వానాకాలం మత్తడి దుంకుతున్న చెరువు దిగువన సిమెంటు కాజ్‌వే పాచిపట్టి ఉంటుంది, అక్కడ లోతు కంటే జారుడే ప్రమాదం. నీళ్లు ఎయిర్‌ఫిల్టరు దాకా వచ్చి ఇంజను ఆగిందంటే సెల్ఫ్ బటన్ జోలికి పోకూడదు. ఇంజనులోకి చేరిన నీళ్లు నలగవు, లోపలి రాడ్డు వంగుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి కొట్టించాకే మళ్లీ ప్రయత్నం.

ఇంత చెప్పాక కూడా మనుషుల సంగతి మిగిలే ఉంది. ఊళ్లోంచి పోయేటప్పుడు మొదటి గేరులో, సైలెన్సరు నోరు మూసుకుని పోవాలి. మేకల మంద ఎదురైతే ఇంజను ఆపేయాలి. కల్లాల దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఎవరైనా, ‘‘యాడికి పోతున్రు బిడ్డా, ఆ తొవ్వ బాయికాడ ఆగిపోతది’’ అంటే ఫోన్‌లో మ్యాపు చూపించి వాదించకుండా ‘‘సరే పెద్దయ్యా, మరి యెటు పోవాలె’’ అని అడిగినవాడు బాగుపడతాడు. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం నేరం. రిజర్వాయర్ల కట్టలు సవారీకి కట్టినవి కావు. సంక్రాంతి తర్వాత ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి వైపు పెట్టుకోకపోవడమే మంచిది. మల్లన్న జాతరకొచ్చే జనంతో, బోనాలతో నిండిన బాటల మీద డర్ట్ బైక్‌లకు పనేముంది? వరి కోతలప్పుడు రోడ్డు సగం వడ్ల కుప్పలే ఉంటాయి, అందుకని చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టాలి.

బాటలు కూడా ఏటా ఒకేలా ఉండవు. తొగుట, కొండపాక మండలాల్లో 50 టీఎంసీల మల్లన్నసాగర్ రిజర్వాయరు 2022లో ప్రారంభమైంది. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్ లాంటి ఊళ్లు దాని కింద పోయాయి, ఆ ఊళ్లకు పోయే బండ్లబాటలు పాత మ్యాపుల్లో మాత్రం ఇంకా ఉన్నాయి. గజ్వేల్ వైపు రీజినల్ రింగ్ రోడ్డు గీత గీసుకుంది. ఊరూరా మట్టిబాట సిమెంటు రోడ్డవుతోంది, ఊరివాళ్లకు అదే కావాలి. అందుకని జాగ్రత్తగల జట్లు రైడ్‌కు వారం ముందు ఇద్దర్ని పంపించి బాట చూసుకుంటాయి. నిరుడు బాట ఉన్నచోట ఈ ఏడు పత్తి మొలిచి ఉంటే ఆ బాట గీతను ఫోన్ మ్యాపులోంచి తీసేసి, పక్క ఊరి బండ్లబాటను కలుపుకుంటాయి.