మూడో సిలిండరు ఎందుకు పలకలేదు

చర్ల రోడ్డు మీద సర్వీసు తిప్పుకుందామని సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత డీజిల్ జీపు అది. పొద్దున స్టార్టు చేస్తే తెల్లపొగ, ఐడిలింగ్‌లో వణుకు. జనం ఎక్కితే లాగదు. సిలిండర్లు అరిగి ఇంజను బోరుకొచ్చిందని, విప్పాల్సిందేనని చూసినవాళ్లంతా తీర్పిచ్చేశారు. సారపాకలో షెడ్డు మేస్త్రీ మాత్రం స్పానరు పట్టకముందే ఒక మాట అడిగాడు: "వరదలో మునిగిన బండా అన్నా ఇది?"

అడగాల్సిన మాటే. 2022 జులైలో ఆ పక్కనే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. మునిగిన బండిని కడిగి రంగేస్తే పైకి బాగానే ఉంటుంది. ట్యాంకులో దిగిన నీరు ఎవరికి కనపడుతుంది?

ముందు ఇంజను నడుపుతూ ఆయిల్ మూత తీశాడు. రింగులు అరిగితే అక్కడినుంచి పొగ కొట్టుకొస్తుంది. దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది పెద్దగా లేదు. బోరు మాట అక్కడితో ఆగింది.

అసలు విద్య ఆ తర్వాతిది. పంపు నుంచి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లకు, నాలుగు ఉక్కు పైపులు వెళ్తాయి. ఇంజను నడుస్తుండగానే ఒక్కో పైపు నట్టు కాస్త వదులు చేశాడు, వేళ్లు దూరంగా ఉంచి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు మరి. నట్టు వదలగానే ఆ సిలిండరుకు ఇంధనం అందదు. అది పనిచేసే సిలిండరైతే ఇంజను చప్పుడు కుంగుతుంది. ఒకటి, రెండు, నాలుగు కుంగాయి. మూడోది వదిలినా మార్పు లేదు.

సోమరి దొరికింది. కారణం తేలాలి. ఇంజను ఆపి ఒకటో నాజిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని ఒకటోదానికి మార్చి బిగించాడు. ఈసారి ఒకటో సిలిండరు మూగబోయింది. తప్పు వాల్వులోనో గాస్కెట్‌లోనో ఉంటే మూడో దాంట్లోనే ఉండిపోయేది. హెడ్డు విప్పకుండా, మీటరేదీ పెట్టకుండా తేల్చిన తీరు చూస్తే ముచ్చటేసింది.

నాజిల్ కూడా అంత ముచ్చటైన వస్తువే. లోపలి సూదికీ దాని గూటికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండో మూడో. రెంటినీ జతగానే నునుపు చేస్తారు, ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు. సూదిని స్ప్రింగు అదిమి ఉంచుతుంది. డీజిల్ ఒత్తిడి ఇంచుమించు 200 బార్లకు చేరితే సూది లేస్తుంది, తగ్గగానే టక్కున మూసుకుంటుంది. తలుపు తీసేది లోపలికి రావాల్సిన డీజిలే! తొలినాటి డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని గాలితో ఊదడానికి వేరే కంప్రెసరు ఉండేది. 1927లో బాష్ సంస్థ ఇంజెక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టాక లారీల్లో డీజిల్‌కు దారి సులువైంది.

టెస్టింగ్ బెంచి మీద మంచి నాజిల్ మంచులా చిమ్మింది. మూడోది బొట్లు కార్చింది. విప్పితే సూది మీద తుప్పు మరక. కొత్త నాజిల్ వేసి, స్ప్రింగు మీద పల్చటి షిమ్ముతో ఒత్తిడి సరిచేసి, కింద కొత్త రాగి వాషరు పెట్టాడు. తర్వాత ట్యాంకు దింపి కడిగాడు. అది వదిలేస్తే కొత్త సూదికీ అదే గతి. ఫిల్టరు మార్చి, బుడగలు ఆగేదాకా హ్యాండ్‌పంపు కొట్టి గాలి తీశాడు.

స్టార్టయ్యాక మళ్లీ మూడో నట్టే వదిలాడు. ఈసారి ఇంజను కుంగింది. నట్టు బిగించి, వారానికోసారి ఫిల్టరు అడుగునున్న మర తిప్పి నీళ్లు వదలమని ఓనరుకు చెప్పి, పక్కనున్న ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు.