నడిచలిలో మార్పుచేర్పులు

హాకీ యనినంతనే మనకు పచ్చిక మైదానమును, ధ్యాన్‌చంద్ చేతికఱ్ఱయు స్ఫురించుట సహజము. కెనడావారికి అట్లు కాదు. ఆ దేశమున ఆ మాటకర్థము, ఉక్కు అలుగులు పొదిగిన జోళ్లతో గడ్డకట్టిన నీటిపై జాఱుచు, నల్లని రబ్బరు బిళ్లను తరుముకొనిపోవు క్రీడయే. అక్టోబరు మొదలుకొని ఏప్రిల్ వఱకు నేషనల్ హాకీ లీగ్‌నందలి 32 జట్లు, ఇటీవలి దశాబ్దములలో సామాన్యముగ ఒక్కొక్కటి 82 ఆటల చొప్పున ఆడుచుండగా, ఆ యాటల వెనుక, కార్యాలయములందును, కుటుంబములందును, మిత్రమండలులందును, మఱియొక క్రీడ నీడవలె నడచుచుండును. దానిని వారు హాకీ పూల్ అందురు.

పదిమందియో పండ్రెండుమందియో మిత్రులు సీజను ఆరంభమునకు ముందొక రాత్రి గుమిగూడి, వంతులవారీగా నిజమైన ఆటగాండ్రను కోరుకొని, తలకొక ఊహాజట్టును కూర్చుకొందురు. ఈ కూటమికే డ్రాఫ్టు అని పేరు. అటుపిమ్మట ఆ ఆటగాడు మంచుపై గోలు కొట్టిన ఒక పాయింటు, బిళ్లనందించి గోలునకు తోడ్పడిన, అనగా అసిస్టు చేసిన, ఒక పాయింటు, గోలీ, అనగా గోలుకాపరి, తన జట్టును గెలిపించిన రెండు పాయింట్లు. ఇది పలుచోట్ల వాడుకలోనున్న సరళమైన లెక్క. డ్రాఫ్టు రాత్రి కోలాహలమును వర్ణించువారు పెక్కండ్రు కలరు. కాని యీ విద్య యొక్క సారము, నడిచలికాలమున జట్టునందు చేసికొను మార్పుచేర్పులయందే కలదని నా యభిప్రాయము. డ్రాఫ్టునకు నిరుటి లెక్కలు జ్ఞప్తియందున్న చాలును. మార్పునకు నేటి ఆటను కన్నులార చూచి, నిరుటి మమకారమును విడువగల మనసు కావలెను.

ఏలయన, అక్టోబరునందు కూర్చిన జట్టు జనవరినాటికి పేరునకు మాత్రమే ఆ జట్టు. ఒకనికి మోకాలు బెణకును; ఒకనిని శిక్షకుడు మొదటి వరుసనుండి మూడవ వరుసకు దించును; వేఱొకనిని అతని జట్టే మఱియొక నగరమునకు పంపివేయును. 2005 నవంబరు 30వ తేదీన బోస్టన్ జట్టు తన నాయకుడైన జో థార్న్‌టన్‌ను శాన్ హోసే జట్టునకిచ్చి, ముగ్గురు ఆటగాండ్రను బదులు పుచ్చుకొనెను. అతడు బోస్టన్ పక్షమున 23 ఆటలలో 33 పాయింట్లును, శాన్ హోసే పక్షమున 58 ఆటలలో 92 పాయింట్లును గడించి, మొత్తము 125తో లీగ్‌నకెల్ల ప్రథముడై ఆర్ట్ రాస్ ట్రోఫీ నందుకొనెను. పూల్ ఆడువారికి ఈ వార్త వలన కలుగు మేలేమి? అంతటివాడు ఎవరో యొకరి జట్టున అదివఱకే చేరియుండును గదా! చతురుడు వేసికొనవలసిన ప్రశ్న వేఱు: బిళ్లనందించుటలో ఇంతటి నేర్పరి వచ్చిచేరిన చోట, అతని ప్రక్కన నిలిచి దానిని గోలులోనికి కొట్టువాడెవడు? అతడు జొనాథన్ చీచూ. ఆ సీజనున 56 గోల్స్ కొట్టి, లీగ్‌లో అత్యధికముగ గోల్స్ చేసినవానికిచ్చు రిషార్డ్ ట్రోఫీని అతడే గెలుచుకొనెను. ఒకడు తావు మాఱినపుడు వానికంటె వాని పొరుగువానిని ముందుగ చూడవలెననుట యీ విద్యయందు మొదటి పాఠము.

రెండవది, అదృష్టమును సామర్థ్యమునుండి వేఱుపఱుచుట. గోలువైపు సూటిగ పోయిన దెబ్బలలో, లీగ్ మొత్తముమీద, సుమారు పదింట నొకటి గోలగును. ఒకడు నెలదినములుగ నాలుగింట నొకటి చొప్పున గోలు చేయుచున్నచో, అది చేతినేర్పు కాదు, గ్రహబలము. అది తీఱిపోకమున్నే వానిని మిత్రునకిచ్చి మఱియొకనిని పుచ్చుకొనుట వివేకము. ప్రతి యాటయందును అయిదాఱు దెబ్బలు కొట్టియు ఫలము కానని వాడు మఱొకడుండును. వాని యజమాని విసిగియున్న వేళయే వానినడుగుటకు తరుణము. దీనిని కపటమనరాదు. లెక్కలు ఇరువురి యెదుటను ఉన్నవే. ఒకనికి ఓర్పు కలదు, ఒకనికి లేదు, అంతియే.

శిక్షకుని యుద్దేశమును కనిపెట్టుట మూడవది. ఎదిరిపక్షమున ఒకడు తప్పుచేసి రెండు నిమిషములు బయట కూర్చుండగా సాగు పవర్ ప్లేలో, అయిదుగురు నలుగురిపై ఆడుదురు. ఆ యైదుగురిలో ఎవడైన గాయపడినచో వాని స్థానమునకు వచ్చినవాడు, మొన్నటివఱకు అనామకుడైనను, నేటినుండి కోరదగినవాడు. ఏ వారమున ఏ జట్టునకు రెండే యాటలు, దేనికి నాలుగని పంచాంగము చూచుకొనుట కూడ ఇందులోనిదే.

గోలీల విషయమున మాత్రము ఎంతటి పండితుడైనను తడబడును. 2019 జనవరి 3వ తేదీన సెయింట్ లూయిస్ జట్టు లీగ్ పట్టికలో అట్టడుగుననుండెను. నాలుగు దినములకు, జోర్డన్ బినింగ్‌టన్ అను ఇరువదియైదేండ్ల గోలీ, ఆ లీగ్‌లో తొలిసారిగ ఆట మొదటినుండి కాపలా నిలిచి, ఫిలడెల్ఫియా జట్టునకు ఒక్క గోలైన నీయలేదు. ఆ సీజనున అతడు 24 ఆటలు గెలిపించెను; జూన్‌నాటికి ఆ జట్టు తన చరిత్రలో మొట్టమొదటిసారి, లీగ్ విజేతకిచ్చు స్టాన్లీ కప్పును పైకెత్తెను. డ్రాఫ్టు రాత్రి అతని పేరు తలచినవారు అరుదుగ నుందురు. జనవరిలో ఒక్క వారము మెలకువతో నున్నవానికి అతడు ఉచితముగ లభించియుండును.

ఇట్టివానిని ఇద్దఱు ముగ్గురు ఒకేసారి కోరినచో ఏమి చేయవలెను? పెక్కు పూల్‌లలో పట్టికయందు వెనుకబడినవానికే మొదటి హక్కు. దీనిని వేవర్ వరుస యందురు. ఓడుచున్నవానికి ఆశ మిగిల్చు ఈ నియమము, ఆటను పోటీగ కంటె పంక్తిభోజనముగ భావించినవారి బుద్ధినుండి పుట్టినది. తీరికగలవాడొక్కడే లాభపడకుండ మార్పులకు వారమునకింతయని హద్దు విధింతురు. ఓడినవాడు తన మేటి ఆటగాండ్రను ఇష్టసఖునకు దానము చేయకుండ మార్పిడులకు ఒక తుది గడువును పెట్టుకొందురు. ఇట్టి సర్దుబాట్లు పూల్‌లకు క్రొత్తవి కావు. 1985-86 సీజనున వేన్ గ్రెట్జ్‌కీ 215 పాయింట్లు గడించెను. అందు అసిస్టులే 163, అనగా ద్వితీయుడైన మారియో లెమ్యూ మొత్తము పాయింట్లు 141 కంటెను మిక్కిలి! అట్టివాడు చేజిక్కినవానితో పోటీ ఏమున్నది? అందుచే పలు పూల్‌లలో గ్రెట్జ్‌కీని ఇద్దఱుగ విభజించి, గోల్స్ ఒకరికిని అసిస్టులు మఱియొకరికిని పంచిపెట్టిరి.

ఈ విద్యవలన కలుగు ప్రయోజనమును పాయింట్లలో కొలువరాదు. అచటి చలికాలము దీర్ఘమైనది. పనులలో మునిగి, వేర్వేఱు నగరములలో స్థిరపడిన మిత్రులు ఊరక పలుకరించుకొనుటకు సంకోచింతురు. మూడవ వరుస ఆటగాని మార్పిడియను నెపము ఆ సంకోచమును తొలగించును. డ్రాఫ్టుతోనే ముగిసిన పూల్‌లో వెనుకబడినవాడు డిసెంబరునకే మౌనము వహించును. మార్పులుగల పూల్‌లో వానికి మార్చివఱకు మాటలాడ పనియుండును. ఓపికపట్టి పట్టి, తుదకు విసిగి తాను విడిచిన ఆటగాడు, మఱునాడే మిత్రుని జట్టులో గోలు కొట్టుట ఈ క్రీడయందు అందఱికిని తప్పని యనుభవము. ఆ రాత్రి టెలిఫోను మ్రోగును. మ్రోగించినది ఎవరో, ఎందులకో, ఎత్తకమునుపే తెలియును, అయినను ఎత్తుదురు.