స్పిట్‌ఫైర్ నేల మీద ఉన్నంతసేపూ

డీసీఎస్ వరల్డ్ అనేది యుద్ధవిమానాల సిమ్యులేటర్. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది స్పిట్‌ఫైర్ మార్క్ 9ని స్టార్ట్ చేసి, రన్‌వే దాకా తీసుకెళ్ళి, గాల్లోకి లేపడం. తర్వాత దాన్ని మళ్ళీ దించడం. ఈ రెండింటి మధ్యలో జరిగేదాని కోసమే జనం దీన్ని కొంటారని నాకూ తెలుసు. కానీ దీన్ని ఒక రచనగా చదివితే (సిమ్యులేటర్‌ని రచన అనడం కొందరికి రుచించకపోవచ్చు, నేను మాత్రం అలాగే చూస్తాను) ఆ రెండు కొసల దగ్గరే అది నమ్మదగ్గట్టుగా మాట్లాడుతుంది. మధ్యలో మాట మారుస్తుంది.

ముందు ఆ కొసల సంగతి. స్పిట్‌ఫైర్ తోకని నేలకి ఆనించి, ముక్కు పైకెత్తి నిలబడే విమానం. కాక్‌పిట్‌లో కూర్చుంటే 27 లీటర్ల, 12 సిలిండర్ల మెర్లిన్ ఇంజన్ ఎదురుగా గోడలా ఉంటుంది. దాని అవతల ఏముందో కనపడదు. అందుకని పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి అటునుంచీ ఒకసారి ఇటునుంచీ తొంగి చూసుకుంటూ పోవాలి. రెండు చక్రాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, మలుపు తిప్పితే ఒక రెక్క నేలకేసి వాలుతుంది. బ్రేకు కాలి కింద ఉండదు. స్టిక్ పైన గుండ్రటి పిడి ఉంటుంది, దానికి మన సైకిల్ బ్రేకులాంటి మీట. అది గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. ఏ చక్రానికి ఎంత బ్రేకు అందాలో రడ్డర్ పెడళ్ళు నిర్ణయిస్తాయి. గట్టిగా నొక్కితే తోక లేచి ప్రొపెల్లర్ నేలని కొరుకుతుంది. పోనీ కాసేపు ఆగి ఆలోచించుకుందామా అంటే, నిలబడి ఉన్నప్పుడు రేడియేటర్లకి గాలి చాలక ఇంజన్ మరిగిపోవడం మొదలవుతుంది.

థ్రాటిల్ ముందుకి తోస్తే విమానం ఎడమకి లాగేస్తుంది, ప్రొపెల్లర్ తిరిగే దిశ వల్ల. కుడి పెడల్ తొక్కి పట్టాలి. సరే, లేచింది. ఇప్పుడు చక్రాలు మడవాలి. ఆ మీట కుడి పక్కన ఉంది, కుడి చెయ్యేమో స్టిక్ మీద ఉంది. అంటే నేల ఇంకా కాళ్ళ కిందే ఉండగా, ఎడమ చెయ్యి థ్రాటిల్ వదిలేసి స్టిక్ పట్టుకోవాలి, కుడి చెయ్యి మీట దగ్గరికి వెళ్ళాలి. కీబోర్డు మీద ‘జి’ నొక్కేస్తే ఈ తిప్పలేదు. కానీ కాక్‌పిట్‌లో కనిపించే మీటనే మౌస్‌తో లాగుదామనుకున్నవాడికి, మౌస్ కుడిపక్కనే ఉంటుంది కనక, చేతులు సరిగ్గా అలాగే మార్చుకోవాల్సి వస్తుంది! ఆ రెండు సెకన్లలో విమానం ముక్కు పైకీ కిందకీ ఊగుతుంది. ఈ పోలికని ఎవరూ కావాలని పెట్టి ఉండరు. అయినా ఎనభై ఏళ్ళ కిందటి ఒక ఇబ్బందిని మన బల్ల మీదికి ఇంత తిన్నగా తెచ్చిన వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

దిగడమూ అంతే. తిన్నగా వస్తే ముక్కు అడ్డమొచ్చి రన్‌వే కనపడదు, అందుకని వంపు తిరుగుతూనే రావాలి. స్పిట్‌ఫైర్ పైలట్లు అలా వంపుగా దిగేవాళ్ళని నాకు చాలాకాలంగా తెలుసు. ఎందుకో నా మెడకి తెలిసింది మాత్రం ఇక్కడే.

ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళు గాల్లోకి వెళ్ళాక ఏం చేశారు? శత్రువుకి వేరే భౌతికశాస్త్రం ఇచ్చారు. ఇది అలంకారం కాదు. ఆటగాడి స్పిట్‌ఫైర్ ఎగిరేది ఇంజన్ వేడినీ, గాలి తాకిడినీ వివరంగా లెక్కగట్టే నమూనా మీద. కంప్యూటర్ నడిపే మెసర్‌ష్మిట్ 109 ఎగిరేది సరళం చేసిన ఇంకో నమూనా మీద. మీరు వేడి ముల్లు చూసుకుంటూ థ్రాటిల్ తగ్గిస్తారు, అవతలివాడికి ఆ బాధ మీ అంత ఉండదు. సాఫ్ట్‌వేర్ వాడిగా కారణం నాకు అర్థమవుతుంది. ఇరవై విమానాలకి పూర్తి లెక్కలు చెయ్యాలంటే మన కంప్యూటర్లు చాలవు. కానీ పాఠకుడిగా చూస్తే, పూర్తి మనిషి ఒక్కడే ఉండి మిగతావాళ్ళంతా అట్టముక్కలుగా ఉన్న నవల ఇది. ఆన్‌లైన్‌లో అవతల నిజంగా మనిషే ఉంటే లెక్కలు సమానమవుతాయి. అక్కడా ఒకటి మిగిలే ఉంటుంది. చచ్చిపోయినవాడు టీ తాగి వస్తాడు.

స్పిట్‌ఫైర్ రెక్కల్లోని రెండు ఫిరంగులకీ తలా 120 గుండ్లు. మీట నొక్కి పట్టుకుంటే పది పన్నెండు సెకన్లలో ఖాళీ. ఈ పిసినారితనాన్ని ఆట చక్కగా నేర్పుతుంది. గురి, దూరం, ఓపిక, అన్నీ వస్తాయి. ఆ గుండ్లు తగిలిన చోట ఏమవుతుందన్నది మాత్రం రెక్క విరగడం, పొగ, మంట దగ్గర ఆగిపోతుంది.

మంట అనగానే రిచర్డ్ హిల్లరీ గుర్తొస్తాడు. స్పిట్‌ఫైర్‌లో పెట్రోలు ట్యాంకులు పైలట్‌కి ముందు, ఇంజన్‌కి వెనక ఉంటాయి, 85 గ్యాలన్లు. 1940 సెప్టెంబరు 3న హిల్లరీ విమానం అంటుకుంది. పైకప్పు తెరుచుకోక ఇరుక్కుంది. బయటపడేలోపు ముఖమూ చేతులూ కాలిపోయాయి. సముద్రంలో పడ్డవాణ్ణి మార్గేట్ లైఫ్‌బోట్ వాళ్ళు తీసుకొచ్చారు. 1942లో వచ్చిన అతని ‘ది లాస్ట్ ఎనిమీ’లో గాల్లో జరిగేదానికి ఎంత చోటుందో, ఆసుపత్రి మంచాలకీ, కొత్తగా అతికిన కనురెప్పలకీ అంతే చోటుంది. 1943 జనవరిలో అతను మళ్ళీ ఎగరబోయి, రాత్రి శిక్షణలో విమానం కూలి చనిపోయాడు. 23 ఏళ్ళు.

డీసీఎస్‌లో దూకాలంటే కంట్రోల్, ‘ఇ’ కలిపి మూడుసార్లు నొక్కాలి. ట్యాంకు ఎక్కడుందో అంగుళాలతో సహా తెలిసిన ఆటకి, అది అక్కడ ఉండడం వల్ల మనిషికి ఏమైందో తెలియదు.

సిమ్యులేటర్‌లో కాలిన ముఖాలు చూపించమని నేను అడగడం లేదు. చూపిస్తే ఇంకా అసహ్యంగా ఉంటుంది. నా పేచీ ‘రియలిజం’ అనే మాటతో. ముళ్ళూ మీటలూ ఇంత కచ్చితంగా ఉన్నాయి కనక యుద్ధం కూడా ఇలాగే ఉండేదన్న నమ్మకం తెలియకుండానే వచ్చేస్తుంది. కొలిచినదే నిజమనుకునే చదువు చదివిన నాలాంటి ఇంజనీర్లకి మరీ తొందరగా వస్తుంది.

కొలతకి అందని ఇంకో సంగతి మన ఊరిది. 1940లో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు ఎగరేసిన 152వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళం వల్ల వచ్చిన పేరు. వాళ్ళ చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. కింద నినాదం ‘విశ్వసనీయ మిత్రుడు’ అని, బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకి ఇచ్చిన బిరుదే. ఆ డబ్బు సర్కారు ఖజానాలోంచి వచ్చినా, నిజాం సొంత భూముల సర్ఫ్-ఎ-ఖాస్ నుంచి వచ్చినా, దాని మొదలు వెతుక్కుంటూ పోతే శిస్తు కట్టిన రైతు దగ్గరికే చేరతాం. ఆ రైతు స్పిట్‌ఫైర్‌ని చూసి ఉండడు. హైదరాబాద్‌లో ఒక గదిలో కూర్చుని ఇంగ్లీష్ చానెల్ మీద తిరుగుతున్నప్పుడు నాకు ఈ విషయం తరచు తడుతుంది. తట్టినందువల్ల ఆట పాడవదు. కాక్‌పిట్‌లో ఇంకెవరో కూడా ఉన్నట్టనిపిస్తుంది, అంతే.

చూడాలనుకునేవాళ్ళు ముందే డబ్బు పెట్టక్కర్లేదు. డీసీఎస్‌తో పాటు టీఎఫ్-51 మస్టాంగ్ ఉచితంగా వస్తుంది. ఇంజన్ మెర్లిన్ వంశానిదే, తోక నేలకి ఆనే విమానమే, చక్రాలు మాత్రం ఎడంగా ఉంటాయి కాబట్టి నేల మీద కాస్త మర్యాదగా నడుస్తుంది. తుపాకులు లేవు. లేపడం, దించడం నేర్చుకోవడానికి ఒక వారం సాయంత్రాలు కేటాయించుకోండి. పెడళ్ళు కొనలేకపోతే, మెలితిప్పితే రడ్డర్ కదిలే జాయ్‌స్టిక్ చాలు.