భూతసంచార విమర్శనము

ఐరోపాఖండములోని ప్రాచీననగరములందు రాత్రివేళఁ గొందఱిని వెంటఁబెట్టుకొనిపోయి, దయ్యములు తిరుగునని ప్రసిద్ధికెక్కిన సందులను, గోరీలను, నేలమాళిగలను జూపుచు నచ్చటి కథలను జెప్పు వృత్తియొకటి కలదు. స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో నిది మిక్కిలి ప్రబలియున్నది. వ్యవహారసౌలభ్యమునకై దీనికి 'భూతసంచార'మని పేరు పెట్టుకొందును. సాహిత్యపరిశోధకులకు దీనితోఁ బనియేమి యని కొందఱు శంకింపవచ్చును. ఇందుఁ గథయున్నది, చెప్పువాఁడున్నాఁడు, వినువారున్నారు, చెప్పుటలో గుణదోషములున్నవి. ఇంతకంటె విమర్శకునకుఁ గావలసినదేమి? మన హరికథనువలెనే దీనినిఁగూడ వాచికమైన యొక కథాప్రబంధముగా గ్రహించి పరిశీలింపఁబూనితిని.

గత శరత్కాలమున ఎడింబరోలోనున్న మా కొమార్తె యింటికిఁ బోయి, ఆమె బలవంతముచే నొకరాత్రి యీ సంచారమునఁ జేరితిని. ఒకదానితోఁ దృప్తికలుగక మఱి రెండురాత్రులు వేఱువేఱు మార్గదర్శకుల వెంటఁ దిరిగితిని. కోటనుండి హోలీరూడ్ రాజగృహమువఱకు వాలుగా దిగు పెద్దవీథి, దాని కిరువైపుల నెత్తైన ఱాతియిండ్లనడుమ నిఱుకు సందులు, తుంపరవాన, నల్లని పైవస్త్రము ధరించిన కథకుఁడు, ఇరువదిమంది శ్రోతలు: ఇది మూఁడురాత్రులకును సమానమైన సామగ్రి. కథలును మిక్కిలి భేదింపలేదు. భేదించినది చెప్పువిధము. ఆ భేదమే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా శబ్దవిచారము చేయుదము. భూతశబ్దము భూధాతువునకు క్తప్రత్యయము చేరఁగా నేర్పడినది. జరిగినది యని యర్థము. జరిగిపోయిన కాలము భూతకాలము. ఉన్నదియున్నట్లు చెప్పునది భూతార్థము, అనఁగా సత్యము. అమరసింహుఁడు దేవయోనులలోఁ బరిగణించిన యొక తెగకును భూతములనియే పేరు. ఇట్లు గతమును, సత్యమును, దయ్యమును ఒక్కశబ్దమున నిమిడియున్నవి. ప్రేతశబ్దమున కవయవార్థము 'వెడలిపోయినవాఁడు' అని మాత్రమే. అందు భయమునకుఁ దావులేదు. మన 'దయ్యము' దైవశబ్దభవము. కావున మన భాషను బట్టి చూచినచో భూతసంచారమనఁగా గతమునందును సత్యమునందును సంచారము కావలెను.

అయితే గతమును జెప్పుట యొక్కతీరుగా నుండదు. పాణిని భూతసామాన్యమునకు లుఙ్ఙును, నేఁటిది కాని భూతమునకు లఙ్ఙును, నేఁటిది కాక వక్తకుఁ బరోక్షమైన భూతమునకు లిట్టును విధించెను. తాను గన్నదానిని, కాననిదానిని ఒక్క లకారముతోఁ జెప్పరాదని యా మహర్షి తాత్పర్యము. నిపాతములలో 'కిల' యనునది వార్తార్థకము. తెలుఁగున కీ లకారభేదము లేకున్నను 'కిల'కు సమానమైన 'అఁట' కలదు. "రాజు వచ్చెను" అనుటకును "రాజు వచ్చెనఁట" అనుటకును గల యంతరము పల్లెలోని ముసలమ్మకుఁగూడఁ దెలియును. ఇంగ్లీషుభాషలో నిట్టి యేకాక్షరమువంటి సాధనము లేదు. 'అని చెప్పుదురు' అను వాక్యమునే వాడవలెను. అందుచేతనే కాఁబోలు నచ్చటి కథకులు దానిని సులభముగా జాఱవిడుతురు. ఎచ్చట 'అఁట' యుండవలయునో యచ్చట లేకపోవుట, ఎచ్చట నక్కఱలేదో యచ్చట నుండుట: ఈ రెండును భూతసంచారమునకు బ్రధానదోషములు. ఉదాహరింతును.

మొదటిది 'మేరీ కింగ్ సందు' కథ. నగరపాలకసంఘ భవనము ముందు నిలిచి మొదటిరాత్రి మార్గదర్శకుఁ డిట్లు చెప్పెను: 1645లో మహామారి సోఁకఁగా నధికారులు సందు రెండుకొనలను గోడలతో మూయించి, లోపలివారిని బ్రాణములతోడనే సమాధిచేసిరి, వారి యేడ్పు నేఁటికిని వినవచ్చును. ఇది చరిత్రముచే నిలువదు. ఆ యేఁటి మహామారి సత్యము. రోగులున్న యిండ్లను వేఱుపఱచుట, వారిని నగరబాహ్యమున బర్గ్ మ్యూరను బయలునకుఁ జేర్చుట సత్యము. ముందటి వైద్యుఁ డా రోగమునకే బలికాఁగా జార్జి రే యనునాతఁ డా పనికిఁ బూనుకొనుట సత్యము. గోడల కథ మాత్రము కల్పితము. 1753లో రాజకీయవర్తకశాలా నిర్మాణ మారంభింపఁగా సందులోని యిండ్ల పైభాగములను దీసివేసి, క్రిందిభాగములను గట్టడమునకుఁ బునాదిగా వాడుకొనిరి. అందుచే సందు భూగర్భమున నిలిచెను. అటుపిమ్మటఁగూడ నందు మనుష్యులు వసించిరి. కడపటి నివాసియగు ఱంపములు చేయు పనివాఁడు 1902లోఁ గాని వెడలిపోలేదు. దయ్యపుఁ గీర్తి మాత్రము ప్రాచీనమే. 1685లో జార్జి సింక్లేరు నాస్తికఖండనార్థము వ్రాసిన గ్రంథమునందు, ఆ సందునఁ గాఁపురమున్న దంపతులకు మొండెములేని తలలు గాలిలోఁ గానవచ్చెనఁట యను వృత్తాంత మున్నది. దానిని 'అఁట'తోఁ జెప్పినచోఁ జక్కని కథ. రోగులకు సేవచేసిన నగరమును రోగులను జంపిన నగరముగా మార్చుట మాత్రము కథకాదు, అపవాదము.

రెండవది గ్రేఫ్రయర్స్ గోరీలతోఁటలోని మెకంజీ కథ. ఈ యింటిపేరు వినఁగానే మనవారికిఁ గైఫీయతులను గూర్పించిన కర్నలు కాలిన్ మెకంజీ స్ఫురించును. ఆతఁడును స్కాట్లండువాఁడే కాని యీతఁడు వేఱు. ఈతఁడు సర్ జార్జి మెకంజీ. రెండవ చార్లెసు కాలమున రాజుపక్షమున నభియోగములు నడపిన ప్రధానన్యాయవాది. మతవిషయమున రాజు జోక్యమును సహింపక 1638లో నా గ్రేఫ్రయర్స్ దేవాలయముననే ప్రతిజ్ఞాపత్రముపైఁ జేవ్రాళ్లు చేసినవారికిఁ గవనెంటర్లని పేరు. వారి సంతతివారు 1679 జూనులో బాత్వెల్ వంతెనకడ నోడిపోఁగా, ఇంచుమించు 1,200 మందిని దెచ్చి యీ తోఁటనానుకొనిన బయలునఁ జెఱఁబెట్టిరి. మెకంజీ యట్టివారిపై నభియోగములు నడపి 'నెత్తురు మెకంజీ' యని పేరుపడెను. 1691లో మరణించి, ఆ చెఱకు సమీపముననే గుమ్మటముక్రింద సమాధిచేయఁబడెను. 19వ శతాబ్దిలోఁ బిల్లలు గుమ్మటపుఁ దలుపుకడకుఁ బోయి, ధైర్యమున్నచో వెలికిరమ్మని యాతనిని సవాలుచేసి పరుగెత్తెడివారని స్టీవెన్సను వ్రాసెను. అది యాట. 1998 చివర నొక నిరాశ్రయుఁడు గుమ్మటములోనికిఁ జొచ్చెనఁట. అప్పటినుండి యచ్చటికిఁ బోయినవారికి గీఱులు, మూర్ఛలు కలుగుచున్నవఁట. పాలకసంఘమువా రా భాగమునకుఁ దాళము వేయించిరి. పిదప మార్గదర్శకుని వెంటఁ బోవుటకు మాత్ర మనుజ్ఞ యిచ్చిరి.

ఈ మెకంజీనిగూర్చి కథకులు చెప్పనిది చెప్పినదానికంటె నెక్కువ రసవంతము. 1660లో 'అరెటీన' యను కథను వ్రాసినవాఁ డీతఁడు. దానిని స్కాట్లండున మొదటి నవలగాఁ జెప్పుదురు. 1689లోఁ బ్రారంభోత్సవము జరిగిన న్యాయవాదుల గ్రంథాలయమునకు స్థాపకుఁ డీతఁడే. అది 1925లో నా దేశమునకు జాతీయగ్రంథాలయమైనది. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. మంత్రగత్తెలని స్త్రీలను దహించిన యా కాలమున, 1678లోఁ బ్రకటించిన తన యపరాధశాస్త్రగ్రంథమున, అట్టి యభియోగములందు సాక్ష్యమును మిక్కిలి జాగ్రత్తతోఁ బరీక్షింపవలెనని వాదించినవాఁ డీతఁడు. దయ్యపు మాటలకు సాక్ష్యమడిగిన న్యాయవాదిని సాక్ష్యములేకయే దయ్యమును జేసిరి! ఈ యొక్క విషయమును జెప్పినచో శ్రోతల కెంతటి చమత్కారము కలుగును! ఆతని క్రౌర్యమును గప్పిపుచ్చుమనుట లేదు. ఒకే మనుజునియందుఁ గరుకుఁదనమును వివేకమును గలిసియుండుట దయ్యముకంటె భయంకరమైన వింత యని మాత్రము నా మనవి.

మూఁడవది బర్కు హేరుల కథ. ఇందు దోషము విపరీతముగాఁ గాననగును. 1828లో వీరిరువురును 16 మందిని జంపి, శరీరశాస్త్రము బోధించు డాక్టరు రాబర్టు నాక్సుకు శవములను విక్రయించిరి. హేరు అప్రూవరై తప్పించుకొనెను. బర్కును 1829 జనవరి 28న నురిదీసి, శవచ్ఛేదము చేసిరి. ఆతని యస్థిపంజరము విశ్వవిద్యాలయపు శరీరశాస్త్ర ప్రదర్శనశాలలో నేఁటికిని గలదు. ఇందు 'అఁట'కుఁ జోటులేదు. న్యాయస్థానపు వ్రాఁతలు కలవు. అయినను రెండవరాత్రి కథకుఁడు దీనిని హాస్యధోరణితో, గాలికబురువలెఁ జెప్పి, వారు గోరీలు త్రవ్వినట్లుగాఁగూడ వర్ణించెను. వారు గోరీలు త్రవ్వలేదు. త్రవ్వుటకంటెఁ జంపుట సులభమని కనిపెట్టిరి. గ్రేఫ్రయర్స్ తోఁటలో గోరీలపై నినుపపంజరములున్నవి. అవి ప్రేతములు వెలికి రాకుండుటకని యాతఁడు చెప్పఁగా నందఱును గేకలువేసిరి. అవి వెలుపలి శవచోరులు లోనికి రాకుండుటకు. జీవించినవారికి భయపడి మృతులకుఁ గావలి పెట్టుకొన్న కాలమది. సత్యము కల్పనకంటె భయంకరమైన చోటఁ గల్పనను బట్టుకొనుట కథకుని రసజ్ఞతకుఁగూడ లోపమే.

ఇఁక రసవిచారము. భరతుఁడు భయానకమును వ్యాజజమని, అపరాధజమని, విత్రాసితకమని మూఁడు విధములుగాఁ జెప్పెను. మాటునుండి యొకఁడు ముసుఁగుతో దుముకఁగాఁ గలుగు నులికిపాటు మూఁడవది. అది రసముకాదు; శ్రోత తనదేహమునకుఁ దాను వెఱచుటయే. స్వగతభావముతోడి యావేశము రసమునకు విఘ్నమని యభినవగుప్తుఁడు చెప్పినది దీనికిఁ జక్కగా నన్వయించును. శ్రోతలు పరస్పరము చూచుకొని వేయు కేకలు వ్యాజజము. సౌత్ బ్రిడ్జి యను వంతెన 1788లో ముగిసినది. దానిక్రింది నేలమాళిగలలో 2001లో రిచర్డు వైజ్‌మన్ అను మనశ్శాస్త్రజ్ఞుఁడు రెండువందలకుఁ బైఁబడినవారిని నిలిపి పరీక్షించెను. దయ్యములున్నవని పేరుపడిన గదులలోనే వారికి విపరీతానుభవము లెక్కువగాఁ గలిగినవి. గది వైశాల్యమునకును, వెలుతురునకును వానితో సంబంధము గానవచ్చినది. మన పరిభాషలో నివి యుద్దీపనవిభావములు. శూన్యగృహమును భయానకవిభావములలో భరతుఁ డెన్నఁడో చేర్చెను! అయితే యుద్దీపనమున్నంతమాత్రమున రసము సిద్ధింపదు, ఆలంబనము కావలెను.

అట్టి యాలంబనము మూఁడవరాత్రి దొరకినది. ఆ నాఁటి కథకురా లొక వృద్ధస్త్రీ. చెఱయొద్ద నిలిచి మెకంజీ దయ్యమును రెండు వాక్యములలో ముగించి, రెంటిలోను 'అని చెప్పుదురు' అను మాటను విడువలేదు. పిదప గొంతు తగ్గించి చెప్పినదిది. ఆ బయలునఁ బైకప్పు లేక మాసములు గడపినవారిలో సుమారు 250 మందిని నవంబరులో 'క్రౌన్' అను నోడ కెక్కించి యమెరికాతోఁటలకుఁ బంపిరి. డిసెంబరు 10న ఆర్క్నీ దీవులలోని డీర్నెస్సుకడ నోడ ఱాళ్లఁ దాఁకెను. ఖైదీలున్న యఱ తలుపులు మూసియుండెను. సుమారు 200 మంది మునిఁగిరి. ఇంతటితో నామె యూరకుండెను. ఎవరును గేక వేయలేదు. అప్పుడు నాకుఁ గలిగిన భయము రెండవవిధమైన యపరాధజము. తప్పు దయ్యములది కాదు. నగరముది, రాజ్యముది, చూచుచు నూరకున్న మనుష్యులది. ఆ భయము క్షణములోఁ గరుణగా మాఱెను. భూతసంచారమునకుఁ బ్రయోజనమున్నచో నదియే.

"ఇది వినోదమునకే కదా, నమ్మువారెవరు? ఇంతటి విమర్శ మేల?" యని పూర్వపక్షము రాఁగలదు. సమాధానము: 2003లో నిద్దఱు కుఱ్ఱవాండ్రు మెకంజీగుమ్మటమునఁ జొరఁబడి యొక కపాలమును దొంగిలించి యాడుకొనిరి, మఱుసటియేఁడు వారిపై విచారణము జరిగెను. గోరీలోనివాఁడు మనుష్యుఁడు కాక దయ్యమైనప్పుడు కపాలము బంతియగును. 'అఁట'లోపమున కిదియే ఫలము.

ఈ దోషము పరదేశీయులదే యని మనము నవ్వుకొనఁదగదు. పాఠశాలలో నిరువదియెనిమిదేండ్లుగా నేను భోజకాళిదాసుల కథలను జెప్పుచున్నాను. 7వ శతాబ్దినాఁటి బాణుని 11వ శతాబ్దినాఁటి భోజునికొలువునఁ గూర్చుండఁబెట్టిన కథలవి. చెప్పునపు డెన్నఁడైన 'అఁట' చేర్చితినా? బాలురు దానిని జరిగినట్లుగానే వ్రాసిపెట్టుకొనిరి; నేనును వానికి గుఱుతులు వేసితిని. కథ విడువవలసినదికాదు; మధురమైనది. వచ్చిన యేఁటినుండి యా యొక్క యక్షరద్వయమును జేర్చి చెప్పఁదలఁచితిని. పాఠశాలా పండితులు తమతమ తరగతులలో నిట్టి కథలెన్ని కలవో యొకమాఱు చూచుకొని, నా విచారమున లోపమున్నచోఁ దెలుపుదురుగాక.