నున్నటి టైరు సొగసు

మౌంటెన్ బైకుకున్న బొడిపెల టైర్లు విప్పేసి, నున్నటి టైర్లు ఎక్కించి, తారు రోడ్డు మీదికి దింపిన తొలి నిమిషం ఉంటుందే, సైకిలు తొక్కేవాళ్లకు దక్కే ఆనందాల్లో దానికి నేను పెద్దపీట వేస్తాను. అప్పటిదాకా గుర్రుమంటూ, గునుస్తూ, తొక్కిన ప్రతి తొక్కుకూ నేలతో తగవు పడుతూ వచ్చిన బండి ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. చక్రాల కింద మిగిలేది సన్నని సరసర ఒక్కటే, పట్టుచీర కుచ్చిళ్లు గచ్చు మీద ఒరుసుకుంటూ పోతున్నట్టు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కొక్క ధ్వనీ పైకి తేలుతుంది. గొలుసు గొణుగుడు, తొక్కడం ఆపితే ఫ్రీవీలు టికటికలు, చెవుల పక్కన గాలి, మన ఊపిరి. ఇన్నాళ్లూ ఈ బండిలో ఇంత సంగీతం దాగి ఉందా అనిపిస్తుంది!

బొడిపెలను తక్కువ చేయను. బురదలో, రాళ్ల వాలులో, వేర్లు తేలిన అడవి బాటలో వాటి పట్టుకు సాటి లేదు. కానీ ఈ బండి వంశం ఎరిగినవాళ్లకు ఇంకో ముచ్చట తెలుసు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, వాళ్ల నేస్తాలు టమల్‌పాయిస్ కొండ దారుల్లో దూకించినవి అప్పటికే పాతబడిన వీధి సైకిళ్లు. ష్విన్ కంపెనీ 1933లో అమెరికా వీధుల కోసం తెచ్చిన బెలూన్ టైరు, 26 అంగుళాల చక్రానికి రెండంగుళాల పైచిలుకు వెడల్పున బొద్దుగా చుట్టుకున్న ఆ రబ్బరు, మౌంటెన్ బైకు చక్రానికి కొలత ఇచ్చింది. అందుకే వెడల్పాటి నున్నటి టైరు దీనికి పరాయి వేషం కాదు. పుట్టింటి నడకే తిరిగి వస్తుంది.

మన ఊళ్లలో గేరు సైకిలు పేరుతో అమ్ముడయ్యే బళ్లలో ఎన్నింటికి కొండ కనిపిస్తుంది గనక? హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీదా, విశాఖ బీచ్ రోడ్డు మీదా తెల్లవారుజామున బొడిపెల టైర్లు జోరీగల్లా రొద చేస్తూ పోతుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ సోలార్ పలకల కప్పు కింద, ఆ సముద్రం పక్కన, ఎంత హాయిగా జారిపోవాల్సిన బండి అది!

టైరు ఎక్కించడంలోనూ ఒక రసం ఉంది. కొత్త రబ్బరు వాసన, అచ్చులోంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు, వేలితో నిమిరితే ఎక్కడా ఆగని నునుపు. ఒక అంచు రిమ్ములో కూర్చుంటుంది, కొద్దిగా గాలి పట్టించిన ట్యూబు లోపలికి ఒదుగుతుంది, రెండో అంచు చివరి జానెడు మాత్రం మొరాయిస్తుంది. అక్కడ లివరు వాడకండి. రెండు బొటనవేళ్లతో నెమ్మదిగా, వేడుకుంటున్నట్టుగా నెట్టండి. ఇక పంపు కొడుతుంటే టైరు పక్కన అంచుకు దగ్గరగా చుట్టూ ఉన్న సన్నటి గీత అక్కడక్కడా రిమ్ములో దాగి ఉంటుంది. గాలి నిండేకొద్దీ టప్, టప్ మంటూ బయటపడుతుంది. చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పితే ఆ గీత వణుకు లేకుండా, చలనమే లేనట్టు నిలుస్తుంది. ఆహా, అది చూడాలి! చక్రం తిరుగుతోందని ఊచల మెరుపును బట్టి తప్ప తెలియదు.

వెడల్పు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఒకటింబావు, ఒకటిన్నర అంగుళాల సన్న టైరు వేస్తే వేగం వస్తుందని చాలామంది ఆశ పడతారు. కానీ ముందు ఫోర్కు నడుమ వెలితి కనిపిస్తుంది, బలిష్ఠమైన ఫ్రేము కింద చక్రం చిక్కి శల్యమవుతుంది. రెండంగుళాల నున్నటి టైరు ఆ చోటును నిండుగా, నిబ్బరంగా నింపుతుంది. ష్వాల్బె బిగ్ యాపిల్ టైరు బొద్దుతనం చూడండి, పక్కలు గోధుమ రంగులో ఉండే మెత్తటి టైర్ల కాంతి చూడండి! వెడల్పయినంత మాత్రాన టైరు నెమ్మదించదని, అల్లిక మెత్తగా ఉంటే వేగానికి లోటు రాదని జాన్ హైనె తన బైసికిల్ క్వార్టర్లీ పత్రికలో ఏళ్ల తరబడి కొలిచి చూపాడు. తొక్కినవాళ్లకు ఆ మాట ఒళ్లే చెబుతుంది. చిన్న గతుకులు అరచేతుల దాకా రాకముందే కరిగిపోతాయి.

జారుతుందేమోనన్న భయం వద్దు. తారులోని చిరు కంకరే రబ్బరులోకి నొక్కుకుని పట్టు ఇస్తుంది. సైకిలు టైరు సన్నం, గుండ్రం కాబట్టి వాన నీటిని పక్కకు తోసేస్తూ పోతుంది, కారు టైరులా నీళ్ల మీద తేలదు. మలుపులో వాలినప్పుడైతే బొడిపెలు ఒంగి వణికేచోట ఇది ఒకే ధారగా, తొట్రుపాటు లేకుండా ఒరిగి లేస్తుంది. అబ్బ, ఆ ఒరుగు! దిగి మళ్లీ వెనక్కి వెళ్లి అదే మలుపు తిరగాలనిపిస్తుంది.

అయితే దారంతా తారే ఉండదు కదా. కోనసీమ కాలవ గట్ల మీద ఎర్ర గ్రావెల్, తెలంగాణ చెరువు కట్టల మీద మొరం, వాటి అందం వేరు, వాటికి తగ్గ టైరూ వేరు. పానరేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కే లాంటి వాటి మీద చిన్న చిన్న పలకల వరుసలు బిగువుగా పేర్చి ఉంటాయి. తారు మీద కాస్తంత గుసగుస, మొరం మీదికి దిగగానే చిరచిరమని ఒక పొడి శ్రుతి. కుడిపక్క కాలవ నీరు, ఎడమపక్క వరిచేను, నడుమ ఆ శ్రుతి సాగుతుంటే ఊరు ఎప్పుడొచ్చిందో తెలియదు. నల్లరేగడి తడిస్తే మాత్రం ఈ రెండు టైర్లూ పనికిరావు. అక్కడ బొడిపెలదే రాజ్యం, ఆ బురదను అవే భరించాలి.

మీ బండి కూడా ఏళ్లుగా తారు మీదే తిరుగుతుంటే, టైరు పక్కన పోతపోసిన అంకెలను ఒకసారి వంగి చూడండి. గీత తరవాత 559 ఉంటే 26 అంగుళాల చక్రం, 584 ఉంటే 27.5, 622 ఉంటే 29. ఆ అంకెలున్న టైరే కొనండి. అరిగేదాకా ఆగకుండా ఈ చలికాలమే మార్చండి, వెడల్పు మాత్రం రెండంగుళాలకు తగ్గనివ్వకండి.