ఎదురుగాలి

నెల్లూరు వైపు ఆడపిల్ల పొద్దుగూకాక ఇల్లు చేరితే "ఏందిమే, గాలికి తిరిగొచ్చినావా?" అంటారు. నాలుగు రోజులు మనిషి మనిషిలా లేకపోతే గాలి సోకిందంటారు. మొగుడు పట్టించుకోకపోతే గాలికొదిలేశాడంటారు. ఇక ఇంట్లో నోరు విప్పిందా, నెత్తినెక్కి స్వారీ చేస్తోందంటారు. దానికి విరుగుడు కళ్ళెం. గాలి, స్వారీ అనే రెండు మంచి మాటలు ఆడదాని పక్కకు వచ్చేసరికి తిట్లయిపోయాయి. మగవాడి పక్కనయితే అవే మాటలు పొగడ్తలు. వాయువేగ మనోవేగాలతో రాకుమారులు గుర్రాలెక్కి ఎన్ని అడవులు దాటలేదు!

నుడికారానిదేముంది, సాహిత్యం దాన్ని సరిదిద్ది ఉంటుందిలే అనుకుంటాం. నాకు ఆ నమ్మకం తక్కువ. పాఠం చెప్పడానికి మళ్ళీ మళ్ళీ తెరిచిన పుస్తకాల్లోనే చూస్తూ వచ్చాను, పగ్గం ఎవరి చేతిలో ఉంది, గాలి ఎవరి మీద వీస్తోంది అని.

మా నెల్లూరు కవితోనే మొదలుపెడతాను. తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడికి సారథి కావాలి. బృహన్నలను పిలవమని సైరంధ్రి సలహా. ఆడవేషంలో ఉన్న నాట్యగురువు చేతికి పగ్గాలొస్తాయి. ఉత్తర ఏమో యుద్ధం నుంచి బొమ్మపొత్తికలు తెమ్మని అడుగుతుంది. పేడి రథం తోలడమేమిటని నవ్వుకునే సన్నివేశంగానే దీన్ని మనకు చెప్పారు, మనమూ అలాగే చెబుతున్నాం. కానీ ఒకటి గమనించండి. యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఆడవేషం పగ్గాలు పట్టింది జమ్మిచెట్టు దాకానే. అక్కడ గాండీవం దించగానే అర్జునుడు రథికుడవుతాడు, పగ్గాలు ఉత్తరుడికి పోతాయి. స్త్రీరూపం చేతిలో రథం నడిచిన ఆ కాస్త దూరం కూడా లోపల మగవాడున్నాడు కనకే కథకు చెల్లింది.

తిక్కన మనుమసిద్ధి పక్షాన కాకతి గణపతిదేవుడి కొలువుకు వెళ్ళినవాడు. ఆ గణపతిదేవుడి కూతురు రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'లో రుద్రమ మగపిల్లవాడిగా పెరుగుతుంది. గుర్రమెక్కుతుంది, కత్తి తిప్పుతుంది, అంతా మగపేరు చాటున. ఒకే శతాబ్దంలో రెండు మారువేషాలు! మగవాడు ఆడవేషం వేసుకుంటే పగ్గాలు పట్టడం వింతయింది. ఆడది పగ్గాలు పట్టాలంటే మగపేరు కావలసి వచ్చింది.

మూడోదాన్ని మర్చిపోకూడదు. కవి తిక్కన దాయాది ఖడ్గ తిక్కన కాటమరాజు మీద యుద్ధానికి వెళ్ళి వెనుదిరిగి వచ్చాడు. భార్య స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డంపెట్టి, పసుపుముద్ద ఉంచింది. తల్లి విరిగిన పాలు పోసింది. ఈ చాటుకథను వీరమాతల కథగా మా పిల్లలందరికీ చెబుతారు. నాకు మాత్రం ఆ పసుపుముద్ద గొంతు దిగదు. వెనక్కి తిరిగిన రౌతును అవమానించాలంటే అతన్ని ఆడదాన్ని చేస్తే చాలు. ఆ పని చేయించిందీ ఇద్దరు ఆడవాళ్ళ చేతనే. మన వీరగాథల్లో స్త్రీకి దొరికిన 'శక్తి' ఎంత తరచుగా ఇలాంటిదో!

ఆ గుర్రాలు చాలావరకు సముద్రం దాటి ఓడల్లో వచ్చాయి, అంటే గాలి మీద వచ్చాయి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరుకును పాత రాజుల్లా లాక్కోబోమని వర్తకులకు మాటిస్తుంది. గాలికి కొట్టుకొచ్చిన ఓడకు అభయం దొరికిందన్నమాట. గాలికి తిరిగొచ్చిన ఆడదానికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

భావకవుల దగ్గర గాలికి పని ఎక్కువ. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం'లో కవి ఆకులో, పువ్వులో కలిసిపోవాలనుకుంటాడు. ఎంత అందమైన కోరిక! ఇంతసేపూ ఎక్కడ తిరిగావని అడిగే దిక్కు లేనివాడి కోరిక కూడా. చలం 'మైదానం' (1927) దీనికంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది. రాజేశ్వరి తన కథ తనే చెబుతుంది. ఆరుబయట బతకడం ఆమెకు శరీరం నిండా ఆనందం. తెలుగులో ఆడదానికి ఆరుబయలు ఇంత నిస్సంకోచంగా దక్కడం అదే మొదలనుకుంటాను. అయినా అక్కడికి ఆమెను తీసుకెళ్ళింది అమీర్. దారి అతనిది. ఒక ఇంటి నుంచి బయలుకు వెళ్ళడానికి కూడా ఒక మగవాడే వాహనం కావాలా అని 1927 నాటి పుస్తకాన్ని నిలదీయడం అన్యాయమే. కానీ ఇప్పటి విమర్శకులు ఆ ప్రశ్న వేయకుండా 'స్వేచ్ఛ' అనేసి ఊరుకోవడం మరింత అన్యాయం.

అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'లో గాలి మొదటిసారి గాలిలాగే వీస్తుంది. పల్లె నుంచి ఢిల్లీకి వచ్చిన అక్కయ్య. చెల్లెలి ఇంట్లో కుండీలో ముచ్చటైన బోన్సాయ్. గాలివాన వస్తే చెల్లెలు పరుగున వెళ్ళి దాన్ని లోపల పెడుతుంది. బయట తురాయి చెట్టు మాత్రం అదే గాలిలో నిలబడి, దాని కిందికి చేరిన వాళ్ళకు నీడనిస్తుంది. ఆడపిల్లల పెంపకానికి ప్రతీకగా ఈ కథను అందరం చదివాం. ఇందులో గాలి ప్రమాదం కాదు, పరీక్ష అన్న సంగతి మీద ఎక్కువ మాట్లాడలేదు. కుండీలో మొక్కకు గాలి శత్రువు. వేళ్ళున్న చెట్టుకు అది రోజువారీ వ్యవహారం.

ఇక మనవాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు. 'గురిచూసి పాడేపాట' (1990), 'నీలిమేఘాలు' (1993) వచ్చిన ఆ రోజుల కవిత్వం మా తరానికి నోరిచ్చింది, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. కానీ ఆ తర్వాత వెల్లువెత్తిన అనుకరణల్లో విముక్తి అనగానే రెక్కలు, పక్షి, ఆకాశం. రెక్కలకు రోడ్డు అక్కర్లేదు. టీకొట్టు దగ్గర నిలబడి చూసేవాళ్ళుండరు. పంక్చరు పడదు. ఆడపిల్లకు సైకిలెందుకని అడిగే అన్న ఉండడు. బరువే లేని ప్రతీక అది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అన్నప్పుడు ఎందుకంత కలవరం పుట్టింది? అది నేల మీది వస్తువు కనక. సినిమా పాటల గాలి ఏళ్ళ తరబడి ఎగరేసి ఆడుకున్న గుడ్డ అది. గాలిని కాదు, గుడ్డనూ దాని వెనకున్న చూపునూ పట్టుకుంది ఆ కవిత.

అదే కాలంలో కవిత్వానికి బయట ఏం జరిగిందో చూడండి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. పి. సాయినాథ్ 1996లో వచ్చిన తన కరువు పుస్తకంలో దాని గురించి రాశాడు. ఇటు నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళ చేతికి వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. అది తమ కథే అనుకున్న దూబగుంట స్త్రీలు 1992లో సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్కడ చదువు చక్రం మీద కదిలింది, ఇక్కడ కాలినడకన రోడ్డుకు అడ్డంగా నిలబడింది. రెండింట్లోనూ ఎగరడం లేదు. రెండింట్లోనూ రోడ్డు ఉంది. సారా ఉద్యమం మన కథల్లోకి, కవితల్లోకి బాగానే వచ్చింది. సైకిలు తొక్కే ఆడపిల్ల మాత్రం ఇప్పటికీ ఒక దృశ్యంగానే వస్తోంది. పక్కన నిలబడి చూసి మురిసిపోయే కవి కంటితో వస్తోంది. సీటు మీద కూర్చున్నదాని కంటితో రావడం అరుదు.

ఈ తేడా ఎంతటిదో నాకు ఒక పరీక్ష పేపరు చెప్పింది. సముద్రపు పల్లెల నుంచి వచ్చే పిల్లలున్న కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో 'గాలి' మీద ఒక పేజీ రాయమన్నాను. చాలామంది పిల్లగాలి, చల్లగాలి, మలయమారుతం రాశారు. అంటే మేం నేర్పింది మాకే అప్పజెప్పారు. ఒకమ్మాయి మాత్రం హైస్కూలు రోజుల గురించి రాసింది. వాళ్ళ ఊరు సముద్రం పక్కన, బడి పడమరగా లోపలికి. పొద్దున్నే బయల్దేరితే గాలి నేల మీద నుంచి సముద్రానికి వీస్తుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సముద్రం మీద నుంచి నేలకు. రెండు పూటలా ఎదురుగాలే. మొదట్లో ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో చున్నీ పట్టుకునేదట. ఆ గాలిలో ఒంటిచేత్తో సైకిలు నిలవదు. రెండో వారం నుంచి చున్నీని అడ్డంగా వేసి నడుం దగ్గర ముడేసుకుంది, గొలుసులో పడకుండా. రోడ్డు పక్కన ఎవరున్నారో చూడటానికి తీరేది కాదని, ఉప్పు కళ్ళలో పడకుండా తల వంచి తొక్కేదాన్నని రాసింది.