ముందు బల్బు, తర్వాతే పాట

చవితి పందిళ్లు లేచే రోజుల్లో చోడవరంలో మైకు సెట్ల హోరు తప్పదు. స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు మరి. నాకు మాత్రం ముచ్చటల్లా చేత్తో యాంప్లిఫయర్ కట్టే పనే. అందులో వాడే 2ఎన్3055 ట్రాన్సిస్టర్‌కి లోహపు ఒళ్లే కలెక్టర్. అందుకే హీట్‌సింక్‌కి బిగించేటప్పుడు మధ్యన మైకా బిళ్ల పెట్టి, రెండువైపులా తెల్ల పేస్టు పల్చగా పూస్తారు. బోర్డు పూర్తయినా కరెంటు నేరుగా ఇవ్వరు, సిరీస్‌లో 100 వాట్ల బల్బు పెడతారు. ఒక్కసారి మెరిసి మసకబారిందా, కెపాసిటర్లు నిండినట్టే. వెలుగుతూనే ఉందా, ఎక్కడో షార్టు. ఆపైన మల్టీమీటరుతో అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో చూస్తారు. కంపెనీ సెట్టుకన్నా చేత్తో కట్టిందే మేలని అనను, కాస్త హమ్ ఉంటుంది. మొదటి పాట మాత్రం పాత స్పీకరు మీదే. కొత్తదాన్ని ఎవరు పణంగా పెడతారు?